మన ఇంటిపేరు ఏ కాగితం మీద ఉంది?

పోయిన సంవత్సరం నేను పాస్‌పోర్టుకి అప్లై చేశాను. ఫారంలో ఒక గడిలో మన పేరు, ఇంకో గడిలో సర్‌నేమ్ రాయాలి. నా సర్టిఫికెట్లన్నిట్లో పేరుకి ముందు ఒక ఇనిషియల్ మాత్రమే ఉంది. అది నాన్న పేరులో మొదటి అక్షరం. అందుకని ఆ అక్షరాన్ని విడదీసి, నాన్న పేరు మొత్తం సర్‌నేమ్ గడిలో రాసేశాను. మన తమిళనాడులో చాలామంది చేసే పనే ఇది. పాస్‌పోర్టు వచ్చాక అవ్వకి చదివి వినిపించాను. అవ్వ వింది, విని ఒకే మాట అడిగింది: "అది మీ నాయన పేరు గదా అమ్మణీ. మన ఇంటిపేరు యాడుంది?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ వెతికాను. రేషన్ కార్డు, ఆధార్, ఇంటి పత్రం, నాన్న పదో తరగతి మార్కుల షీటు. ఎందులోనూ మా ఇంటిపేరు లేదు.

అదే నెలలో ఇంకో సంగతి జరిగింది. మా పెదనాన్న కూతురు, నాకు అక్క, ఇక్కడే ఒక బనియన్ కంపెనీ ఆఫీసులో పని చేస్తుంది. అక్కడే పని చేసే ఒకాయన్ని పెళ్ళి చేసుకుంటానని ఇంట్లో చెప్పింది. వాళ్ళూ తెలుగు మాట్లాడేవాళ్ళే. ఇద్దరి కంపెనీ కార్డుల మీదా ఇనిషియల్సే ఉన్నాయి కాబట్టి వాళ్ళకి ఏమీ తెలీలేదు. పెద్దవాళ్ళు కూర్చున్నాక అవతలి అవ్వ అడిగిన మొదటి ప్రశ్న, "మీరు ఎవురింటోళ్ళు?" రెండు ఇళ్ళకీ ఒకే ఇంటిపేరు! ఒకే ఇంటిపేరు అంటే అన్నాచెల్లెళ్ళ వరస. ఆ పూట కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు.

ఏ కాగితం మీదా లేని పేరు ఒక పెళ్ళిని ఎలా ఆపగలిగింది? అసలు ఇంటిపేరు అంటే ఏమిటి? అది ఏం చెప్తుంది, ఏం చెప్పదు? ఈ ప్రశ్నలు పట్టుకుని మన లైబ్రరీలో, ఇంట్లో అవ్వ దగ్గర నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మాటలోనే ఉన్న వ్యాకరణం

"ఇంటిపేరు" అనే మాటనే ముందు చూద్దాం. ఇల్లు అనే మాటకి పేరు చేరితే "ఇల్లుపేరు" అనం, "ఇంటిపేరు" అంటాం. ఊరు–ఊరి, ఇల్లు–ఇంటి, చేయి–చేతి. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలు అన్నారని మనం మొదటి సంవత్సరంలోనే చదువుకున్నాం. పరీక్ష కోసం బట్టీ పట్టాం, తర్వాత మర్చిపోయాం. కానీ మన ఇంటిపేర్లలో సగం ఈ ఒక్క సూత్రం మీద నిలబడి ఉన్నాయి.

కందుకూరు ఊరి పేరు. కందుకూరి ఇంటిపేరు. అంటే "కందుకూరు వాళ్ళు" అని అర్థం. వీరేశలింగం గారి పేరుకి ముందు ఉన్నది ఆ "ఇ"కారమే. ఆలపాడు ఊరైతే ఆలపాటి ఇంటిపేరు. ఇక్కడ "టి" వచ్చింది. కొన్ని ఊళ్ళ పేర్లు మారకుండా ఉన్నదున్నట్టే ఇంటిపేర్లయ్యాయి. పోతన గారి బమ్మెర అలాంటిది. ఊరి పేర్లే కాదు, చెట్లూ చేమా కూడా ఇంటిపేర్లయ్యాయి: తుమ్మల, చింతల, వేముల. సరుకులు ఉన్నాయి: మిరియాల. పదవులు ఉన్నాయి: కరణం. రంగులు ఉన్నాయి: నల్ల, ఎర్ర.

ఊరి పేరుతో వచ్చిన ఇంటిపేరులో ఒక గమ్మత్తు ఉంది. ఆ ఊళ్ళో ఉన్నంతకాలం ఆ పేరుతో పని లేదు. కందుకూరులో అందరూ కందుకూరు వాళ్ళే కదా. ఊరు వదిలి వేరే చోటికి వెళ్ళినప్పుడే "ఎవరు వీళ్ళు? ఫలానా ఊరి వాళ్ళు" అని పేరు పడుతుంది. కాబట్టి ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న ప్రతి కుటుంబం ఎప్పుడో ఒకప్పుడు ఊరు కదిలిన కుటుంబమే. దీనికి మన పక్కనే మంచి ఉదాహరణ ఉంది. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టారు, తిరువయ్యారులో బతికారు. కావేరి ఒడ్డున ఉన్నా ఆయన ఇంటిపేరు మాత్రం కాకర్ల. అది ఆంధ్రలో ఉన్న ఊరు. ఆయన పూర్వీకులు వదిలొచ్చిన ఊరు ఆయన పేరులో ఉండిపోయింది.

తిరుప్పూరుకి వచ్చిన వెరోనా

ఇది మన ఒక్కరి పద్ధతి అనుకోవద్దు. మన తిరుప్పూరు ఎగుమతుల కథ ఎవరు చెప్పినా 1978 దగ్గర మొదలుపెడతారు. ఆ సంవత్సరం ఇటలీ నుంచి ఒక కొనుగోలుదారు తెల్ల టీషర్టుల కోసం బొంబాయి వచ్చి, అక్కడి నుంచి మన ఊరి దారి పట్టాడు. ఆయన్ని ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకున్నది ఇంటిపేరుతోనే: వెరోనా. వెరోనా అంటే ఉత్తర ఇటలీలో ఒక నగరం. మన కందుకూరి ఎలాంటిదో ఆ వెరోనా కూడా అలాంటిదే, ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరు. రోమ్ నుంచి రొమానో వచ్చింది. లియొనార్డో డావించి అంటే వించి అనే ఊరి లియొనార్డో.

మిగతా రకాలు కూడా మనతో కలుస్తాయి. ఫెరారీ అనగానే మనకి ఎర్ర కారు గుర్తొస్తుంది కానీ ఆ మాట ఇనుముకి సంబంధించింది. కమ్మరి పని చేసేవాళ్ళ ఇంటిపేరు అది. ఇటలీలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు రోస్సీ. ఎర్రజుట్టు వాడనో ఎర్రటి మనిషనో ఎవరినో పిలిచిన పిలుపు అలా నిలిచిపోయింది. మన "ఎర్ర", "నల్ల" లాంటిదే. ఫెరారీ, రోస్సీ చివర ఉన్న "ఇ" శబ్దం "ఫలానా ఇంటి వాళ్ళు" అనే అర్థం ఇస్తుందని చెప్తారు. మన కందుకూరిలో ఉన్న "ఇ" కూడా ఆ పనే చేస్తుంది. రెండు భాషలకీ చుట్టరికం లేదు. అవసరం ఒకటే కాబట్టి దారి కూడా ఒకేలా కుదిరింది.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. ఇటలీలో ఇంటిపేర్లు గట్టిపడడానికి చర్చి రిజిస్టర్లు ముఖ్యమైన కారణం. 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ ప్రతి చర్చిలోనూ పెళ్ళిళ్ళని పుస్తకంలో రాయాలని నియమం పెట్టింది. ఏ కుటుంబాలు దగ్గర చుట్టాలో తెలియాలి, దగ్గర చుట్టాలు పెళ్ళాడకూడదు, అందుకు పుస్తకం కావాలి. మన దగ్గర కూడా ఇంటిపేరు పని అదే, వరస చూడడం. కానీ మనకి పుస్తకం లేదు. పుస్తకం పని అవ్వలు చేశారు.

ఇనిషియల్‌లో ఎవరున్నారు?

ఆంధ్రలో, తెలంగాణలో ఇంటిపేరు ముందు రాసి తర్వాత పేరు రాస్తారు. తరం మారినా ఇంటిపేరు మారదు. మన తమిళనాడులో రాసే పద్ధతి వేరు. ఇక్కడ ముందు ఉండేది నాన్న పేరు అక్షరం, కొన్ని పేర్లలో దానికి ముందు ఊరి అక్షరం. ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబాలు రాతలో ఈ పద్ధతికే మారిపోయాయి.

కోయంబత్తూరులో పి.ఎస్.జి. అనే పేరు తెలియని వాళ్ళు ఉండరు. ఆ ధర్మసంస్థ 1926లో మొదలైంది. పి అంటే పీళమేడు, ఊరు. ఎస్ అంటే సామనాయుడు, తండ్రి. జి అంటే గోవిందస్వామి. మూడు అక్షరాల్లో ఊరు ఉంది, తండ్రి ఉన్నాడు, మనిషి ఉన్నాడు. ఇంటిపేరు లేదు. జి.డి. నాయుడు గారు (1893–1974) కూడా అంతే. జి అంటే తండ్రి గోపాలస్వామి, డి అంటే దొరస్వామి.

"మరి నాయుడు ఇంటిపేరు కాదా?" అని మన క్లాసులోనే అడిగారు. కాదు. నాయుడు అనేది బిరుదు, నాయకుడు అనే మాట నుంచి వచ్చింది. వేర్వేరు సముదాయాల వాళ్ళు దాన్ని పెట్టుకుంటారు. ఒక నాయుడింటి పిల్లని ఇంకో నాయుడింటికి ఇస్తారు కానీ, అదే ఇంటిపేరు వాళ్ళకి ఇవ్వరు. ఈ ఒక్క సంగతి చాలు రెండూ వేరని చెప్పడానికి. సరోజినీ నాయుడు గారి పేరు చూడండి. ఆమె పుట్టింటి పేరు చట్టోపాధ్యాయ. పెళ్ళయ్యాక భర్త బిరుదు ఆమెకి సర్‌నేమ్ అయి కూర్చుంది.

ఆ బిరుదులు కూడా ఇక్కడ కాగితాల మీద నుంచి పోతూ వచ్చాయి. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ పేర్ల చివర కులం బిరుదులు వదిలేయాలని తీర్మానించింది. ఆ ఆలోచన తమిళనాడు మొత్తం పాకింది. దానివల్ల మంచే జరిగింది. నా పేరు చూసి నా కులం ఏదో ఎవరూ చెప్పలేరు, నాకు అది ఇష్టం. కానీ బిరుదు పోయినప్పుడు దాని వెనక ఇంటిపేరు ఒకటి ఉందని, దానికి చరిత్ర ఉందని గుర్తుచేసే కాగితం కూడా మిగల్లేదు. ఇప్పుడు పాస్‌పోర్టులో సర్‌నేమ్‌గా పడింది నాన్న పేరు. రేపు మా తమ్ముడి పిల్లలకి సర్‌నేమ్ తమ్ముడి పేరు అవుతుంది. తరానికి ఒకసారి మారేదాన్ని ఇంటిపేరు అని ఎలా అంటాం?

అవ్వ పుట్టింటి పేరు: పెమ్మసాని

ఒక్క ఇంటిపేరుని తీసుకుని అది ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వెళ్ళిందో చూద్దాం అనుకున్నాను. మా అవ్వ పుట్టిల్లు కోవిల్‌పట్టి వైపు. "నేను పెమ్మసానోళ్ళ ఆడబిడ్డని" అని ఇప్పటికీ చెప్పుకుంటుంది. అందుకే ఆ పేరే తీసుకున్నాను.

చరిత్రలో పెమ్మసాని వాళ్ళు కనిపించేది గండికోటలో. ఇప్పటి కడప జిల్లాలో, పెన్నా నది లోయ అంచున ఉన్న కోట అది. విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులు దాన్ని ఏలారు. పెమ్మసాని రామలింగ నాయుడు కృష్ణదేవరాయల సేనలో ఉన్నట్టు రాయవాచకం చెప్తుంది. ఆ రాయవాచకాన్ని మధుర నాయకుల ఆస్థానంలోనే రాశారని పరిశోధకులు అంటారు. అంటే పెమ్మసాని పేరున్న ఆ కథ మన వైపే పుస్తకమైంది.

1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటని పట్టుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో అక్కడే ఆయన్ని కలిశాడు. కోట చేజారాక పెమ్మసాని వాళ్ళు కొందరు దక్షిణానికి వచ్చారు. అప్పటికి మధురలో తెలుగు నాయకుల పాలన నడుస్తోంది. అది 1529 ప్రాంతంలో మొదలై 1736 దాకా సాగింది. తెలుగు వాళ్ళకి ఇక్కడ చోటు దొరకడం కొత్త కాదు. ఇప్పటి తెన్‌కాశి జిల్లాలో ఉన్న కురివికుళం జమీను పెమ్మసాని వాళ్ళది. కోవిల్‌పట్టి దగ్గర ఇళయరసనేందల్ జమీను రావెళ్ళ వాళ్ళది. నల్లరేగడి నేల, పత్తి పంట. అక్కడి నుంచి పెళ్ళిళ్ళ వల్ల, పనుల వల్ల ఆ ఇంటి మనుషులు ఇటు కొంగునాడుకి కూడా చేరారు. మా అవ్వ పెళ్ళయి తిరుప్పూరు వచ్చింది అలాగే.

ఇప్పుడు ఈ పేరు రెండు రకాలుగా బతుకుతోంది. ఆంధ్రలో అది కాగితం మీదే ఉంది. 2024 ఎన్నికల్లో గుంటూరు నుంచి గెలిచి కేంద్ర సహాయమంత్రి అయిన పెమ్మసాని చంద్రశేఖర్ గారి పేరు రోజూ పేపర్లో చూస్తాం. అదే పేరున్న మా అవ్వ అన్నదమ్ముల ఓటరు కార్డుల మీద ఇనిషియల్ మాత్రమే ఉంది. ఒకే ఇంటిపేరు, రాష్ట్రం దాటితే కనిపించకుండా పోయింది.

ఆ మాట అర్థం చూస్తే నాకు ఇంకా ఆశ్చర్యం వేసింది. చివర ఉన్న "సాని" పాత తెలుగులో స్త్రీలకి గౌరవంగా చేర్చే మాట. కాకతీయుల కాలం నాటి గూడూరు శాసనంలో విరియాల కామసాని అనే ఆమె ఉంది. కాకతి బేతరాజుకి అనుమకొండ దక్కేలా చేసింది ఆమేనని ఆ శాసనం పొగుడుతుంది. దొరసాని, మంత్రసాని అనే మాటల్లో ఆ గౌరవం ఇంకా ఉంది. ఒంటరిగా "సాని" అన్నప్పుడే అర్థం చెడిపోయింది. క్లాసులో అర్థాపకర్ష అని చదివామే, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అంటే పెమ్మసాని అనే మాటని చూస్తే ఒక స్త్రీ పేరులాగే ఉంది. కోటలు ఏలిన నాయకుల పేరుకి ముందు ఒక అమ్మ పేరు నిలబడింది. అదే పేరు మా అవ్వ ద్వారా మా నాన్నకి రాలేదు. స్త్రీ పేరులా ఉన్న ఇంటిపేరు స్త్రీల ద్వారా నడవదు.

ఒకే ఇంటిపేరు అంటే ఒకే రక్తమా?

మళ్ళీ మా అక్క సంగతికి వస్తాను. మా ఇంటిపేరు ఊరి పేరు నుంచి వచ్చిన రకం. పైన చెప్పినట్టు, ఊరు కదిలిన ఎవరికైనా ఆ పేరు పడొచ్చు. ఒకే ఊరి నుంచి సంబంధం లేని నాలుగు కుటుంబాలు నాలుగు కాలాల్లో బయల్దేరితే నాలుగింటికీ ఒకే ఇంటిపేరు వస్తుంది. ఒకే పేరున్న ఊళ్ళు కూడా రెండు మూడు ఉంటాయి. అందుకే ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో కూడా కనిపిస్తుంది. తిరుప్పూరులో తెలుగు మాట్లాడేవాళ్ళు ఒక్క కులం వాళ్ళు కాదు. నాయుళ్ళు, దేవాంగులు, కంబళత్తు నాయకర్లు, అరుంధతీయులు, అందరూ ఉన్నారు, అందరికీ ఇంటిపేర్లు ఉన్నాయి. పెమ్మసాని అనే పేరున్న ప్రతివాళ్ళూ గండికోట వారసులనుకోవడం ఎంత తొందరపాటో, ఒకే ఇంటిపేరున్న ప్రతి ఇద్దరూ అన్నాచెల్లెళ్ళు అనుకోవడం కూడా అంతే.

ఈ మాట నేను ఇంట్లో చెప్పాను. పెదనాన్న "కాలేజీలో ఇదేనా చదివేది?" అన్నారు. అవ్వ మాత్రం కాసేపు ఆలోచించి, "వాళ్ళ గోత్రమేంది, కులదేవతెవురు, ముందు ఏ ఊర్లో ఉండ్రి, అదంతా అడగల్ల. పేరొకటే చూసి లేస్తే ఎట్లా?" అంది. వరస నిజంగా తేల్చడానికి పెద్దవాళ్ళ పద్ధతిలోనే ఇంకో మూడు ప్రశ్నలు ఉన్నాయి. మనం మొదటి ప్రశ్న మాత్రమే గుర్తుపెట్టుకుని మిగతావి మర్చిపోయాం. అక్క విషయం ఇంకా తేలలేదు. అవ్వ అటువైపు అవ్వకి ఫోన్ చేసి మాట్లాడుతోంది.

గుర్తుపెట్టుకునేది ఎవరు?

ఈ వ్యాసం కోసం ఇంట్లో మగవాళ్ళని అడిగితే తమ ఇంటిపేరు ఒక్కటి చెప్పారు. అవ్వని అడిగితే ఒక గంటసేపు ముప్పై ఇళ్ళ పేర్లు చెప్పింది. ఎవరి పిల్ల ఎవరింటికి వెళ్ళిందో, ఎవరిల్లు ఏ ఊరి నుంచి వచ్చిందో అన్నీ తెలుసు. ఇంటిపేరు మగవాళ్ళ వెంట నడుస్తుంది, కానీ దాన్ని గుర్తుపెట్టుకుని ఇంతదూరం తెచ్చింది ఆడవాళ్ళు. వాళ్ళ సొంత పుట్టింటి పేర్లు మాత్రం ఒక తరం దాటితే ఎవరికీ గుర్తుండవు. మా అమ్మమ్మ పుట్టింటి పేరు అడిగితే అమ్మే తడబడింది.

ఇటలీలో 1975 చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీ తన ఇంటిపేరు వదులుకోదు, భర్తది దానికి చేర్చుకుంటుంది. 2022లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, పిల్లలకి తండ్రి పేరు ఒక్కటే దానంతటదే రావడం సరికాదు, ఇద్దరి ఇంటిపేర్లూ రావాలి, వేరే నిర్ణయం తల్లీతండ్రీ కలిసి చేసుకోవచ్చు అని చెప్పింది. మనకి చట్టం దాకా అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం చాలు.

అందుకే ఈ గోడపత్రిక కింద ఒక తెల్ల షీటు, దారానికి కట్టిన పెన్ను పెట్టాను. మేడమ్ గారు ఒప్పుకున్నారు. నాలుగు గళ్ళు గీశాను: నాన్న ఇంటిపేరు, అమ్మ పుట్టింటి పేరు, నాన్న అమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మ పుట్టింటి పేరు. కులం రాయొద్దు, మీ పేరు కూడా రాయక్కర్లేదు. తెలియకపోతే ఇంటికెళ్ళి అడిగి రేపు రాయండి. అడగడానికి అవ్వ ఉన్నప్పుడే అడగండి.

మొదటి వరస నేను నింపాను. మూడో గడిలో పెమ్మసాని అని రాశాను. ఈ తరంలో ఆ పేరు మా ఇంటి నుంచి కాగితం ఎక్కడం ఇదే మొదటిసారి. నాలుగో గడి ఇంకా ఖాళీగా ఉంది. ఆదివారం అమ్మమ్మ దగ్గరికి వెళ్తున్నాను.